డాబా మీది ఎండ, వాకిట్లోని కారు



మాఘ శుద్ధ సప్తమినాటి ఉదయము మా తెనాలి ఇంటి డాబా మీద పిడకల నిప్పుపై పాలు పొంగించి, ఆ పాలలో కొత్తబియ్యము, బెల్లము వేసి పరమాన్నము వండి, చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గ్రుచ్చి చిన్న రథమొకటి కట్టి, చిక్కుడాకులలో ఆ పరమాన్నమును సూర్యనారాయణమూర్తికి నివేదించుట మా తల్లిగారికి ఆరుపదుల ఏండ్లుగా తప్పని నియమము. ఈ సంవత్సరము ఆ చిక్కుడుకాయల రథము నిలిచిన చోటికి నాలుగడుగుల దూరమున, దక్షిణమునకు ముఖము వాల్చి, నీలి నలుపు రంగున నిగనిగలాడుచున్న ఆరు సౌరఫలకములు కూడ ఆ తొలి కిరణములనే అందుకొనుచుండెను. క్రింద వాకిట్లో, అదే ఎండకై ఎదురుచూచుచు, మా చిన్న విద్యుత్తు కారు నిలిచియుండెను.

ఆ కారు మా ఇంటికి వచ్చినది మొదలు వీధిని పోవువారు ఆగి నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, నిజంగా ఎండతోనే నడుస్తుందా?" ముప్పది ఏండ్లు కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పినవాడను గనుక, ఒక్కమాటలో అవునని చెప్పి ముందుకు సాగుటకు నాకు మనసొప్పదు. నడచును, నిస్సందేహముగా నడచును. కాని ఎండ ఎంత కాసినచో ఎంత దూరము నడచునో, ఎండ లేని రాత్రివేళ తీగ తగిలించినచో దానిని నడిపించునది ఏదో, ఈ రెండును తెలిసికొన్న ఇంటిలోనే ఆ 'అవును' అను మాట నిజమగును. ఆ సంగతినే నేడు మీతో నిదానముగా ముచ్చటింపదలచితిని.

1839లో ఫ్రాన్సు దేశమున ఎడ్మండ్ బెకెరెల్ అను పందొమ్మిదేండ్ల యువకుడు, ద్రావణములో ముంచిన లోహపు రేకులపై వెలుతురు పడినప్పుడు విద్యుత్తు పుట్టుటను గమనించెను. ఆ గమనిక పనికివచ్చు పరికరముగా పరిణమించుటకు నూటపదునైదు సంవత్సరములు పట్టినది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు నిర్మించిన సిలికాను ఘటము, తనపై పడిన వెలుగులో నూటికి ఆరు వంతులను విద్యుత్తుగా మార్చగలిగినది. నేడు మా డాబా మీది ఫలకములు ఇరువది వంతులకు పైగా మార్చుచున్నవి. ఇసుకనుండి తీసిన సిలికానులో ఒక పొరకు రవంత భాస్వరమును, వేరొక పొరకు రవంత బోరానును చేర్చినప్పుడు, ఆ రెండు పొరలు కలిసిన సరిహద్దు ఒక కాలువ గట్టువలె పనిచేసి, వెలుగు తాకిడికి కదలిన ఎలక్ట్రానులను ఒకే దిక్కునకు త్రోయును. తిరుగు చక్రము లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఎన్ని పర్యాయములు పాఠము చెప్పినను, ఆ నిశ్శబ్దమైన పనిని తలచుకొన్నప్పుడెల్ల నాకు కలుగు ఆశ్చర్యము ఇప్పటికిని తగ్గలేదు.

వేమూరు నుండి వచ్చు నా చిన్ననాటి మిత్రుడొకడు, స్వయముగా సేద్యము చేయువాడు, ఈ ఏర్పాటునంతను చూచి, "పలక నుంచి కారుకు నేరుగా ఒక వైరు లాగితే పోయేదానికి, మధ్యలో ఈ పెట్టెలన్నీ ఎందుకురా?" అని అడిగెను. చాల మంచి ప్రశ్న. ఫలకములనుండి వచ్చునది బ్యాటరీలోనిది వంటి ఏకముఖ విద్యుత్తు. అది మబ్బుతునక అడ్డువచ్చినప్పుడు సన్నగిల్లుచు, తొలగినప్పుడు బలియుచు, నిముషము నిముషమునకు మారుచుండును. ఇంటిలోని పరికరములు కోరునది 230 వోల్టుల, సెకనుకు ఏబది పర్యాయములు ఊగులాడు విద్యుత్తు. మెట్లగది గోడకు బిగించిన ఇన్వర్టరు ఆ మొదటిదానిని ఈ రెండవదానిగా మార్చి, వీధితీగలోని విద్యుత్తుతో తాళము తప్పకుండ కలుపును. తరువాత కారు కడుపులోనున్న ఛార్జరు దానిని తిరిగి ఏకముఖముగా మార్చి బ్యాటరీకి త్రాగించును. ఇట్లు రెండుమారులు రూపు మారుటలో కొంత శక్తి వేడిగా పోవుట నిజమే. కాని ఆ పోయినదానికి ప్రతిఫలముగా మనకు లభించునది స్థిరత్వము.

ఇక లెక్క. మన ప్రాంతములలో ఒక కిలోవాటు ఫలకములు సంవత్సరము పొడవున సగటున రోజుకు నాలుగు యూనిట్ల విద్యుత్తునిచ్చును. వానికి సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. మా ఆరు ఫలకములును కలిసి మూడు కిలోవాట్లకు కొంచెము పైచిలుకు. ఒక్కొక్కటి నులకమంచము కంటె కొంత పెద్దది. ఫాల్గుణ చైత్రములలో కొంత ఎక్కువయు, శ్రావణ భాద్రపదములలో చాల తక్కువయు అయినను, మొత్తముమీద రోజుకు పండ్రెండు యూనిట్లు లెక్కకు వచ్చును. మా కారు బ్యాటరీలో ఇరువదినాలుగు యూనిట్లు పట్టును. గోడనుండి తీసికొన్న ఒక్కొక్క యూనిటుకు, దారిలో పోయినది పోగా, ఆరు కిలోమీటర్లు నడచునని నిశ్చింతగా చెప్పవచ్చును. నాకు రోజుకు సగటున ముప్పదియైదు కిలోమీటర్ల తిరుగుడు. అనగా ఆరు యూనిట్లు. కావున మా డాబా మీది ఆరింటిలో మూడు ఫలకములు కారువి, మూడు ఇంటివి. మూడు మంచములంత ఎండ, ఒక కుటుంబమును ఏడాదికి పండ్రెండు వేల కిలోమీటర్లు మోయుచున్నదన్నమాట.

డబ్బు సంగతి క్లుప్తముగా చెప్పెదను. మా ఆంధ్రప్రదేశ్‌లో గృహ విద్యుత్తు ధర వాడకముతోపాటు మెట్లెక్కును. నెలకు 225 యూనిట్లు దాటినపిమ్మట యూనిటుకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటినపిమ్మట 9 రూపాయల 75 పైసలు. సామాన్యమైన ఇంటికి కారు తోడైనచో ఆ అదనపు యూనిట్లలో చాలవరకు ఈ పైమెట్ల మీదనే పడును. అప్పటికిని కిలోమీటరుకు రూపాయి డెబ్బదియైదు పైసలు మించదు. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో నడచు చిన్నకారుకైనను కిలోమీటరుకు ఆరు రూపాయలకు దగ్గరగా అగును. పైగా డాబా మీద పండిన యూనిటు ఆ పైమెట్ల యూనిటునే తొలగించును గనుక లాభము ఇంకను పెరుగును. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకమున మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి ముప్పదివేలు, మూడవదానికి పదునెనిమిదివేలు, మొత్తము డెబ్బదియెనిమిదివేల రూపాయల సహాయము లభించును. అంతకు మించి ఎన్ని ఫలకములు పెట్టినను ఆ సహాయము పెరుగదు. వివరములు కోరువారు తమ ఊరి విద్యుత్తు కార్యాలయమున అడిగి తెలిసికొనవచ్చును.

నేను ముఖ్యముగా చెప్పదలచినది దీని తరువాతిది. డాబా మీద ఫలకములు పెట్టించుకొన్న ప్రతి ఇంటికిని రెండువైపుల లెక్కించు మీటరొకటి బిగింతురు. పగటిపూట మిగిలినది వీధితీగలోనికి పోవును, రాత్రి కావలసినది వీధితీగనుండి వచ్చును, నెల తిరుగునప్పటికి ఒకదానిలోనుండి ఒకటి తీసివేసి బిల్లు వేయుదురు. ఇది చూచి చాలమంది, "పగలు దాచుకుంటున్నాం, రాత్రి వాడుకుంటున్నాం" అని తృప్తిగా చెప్పుకొందురు. ఆ 'దాచుకొనుట' అను మాట దగ్గరనే మనము పొరబడుచున్నాము. వీధితీగ ధాన్యపు గాదె కాదు. మధ్యాహ్నము మన ఇల్లు దాటిపోయిన విద్యుత్తు ఆ క్షణముననే ప్రక్కింటి ఫ్రిజ్జులోనో, ఎదురింటి మోటారులోనో ఖర్చయిపోయినది. రాత్రి పదిగంటలకు మనము కారుకు తీగ తగిలించినప్పుడు వచ్చునది ఆ క్షణమున ఎక్కడనో పుట్టవలసినదే. మన ప్రాంతమున అది విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నములోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రములో, సింగరేణి నుండియు తాల్చేరు నుండియు రైళ్లమీద వచ్చిన బొగ్గు మండినందున పుట్టినదగుట మిక్కిలి సంభావ్యము. లెక్క సరిపోయినది, బొగ్గు మాత్రము మండినది.

పగటి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. ఒక్క కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల చెంత వెలసిన సౌరక్షేత్రమే వెయ్యి మెగావాట్లది. అటువంటివి అనేకము మధ్యాహ్నమున ఒక్కసారిగా విద్యుత్తును కురిపించుచుండగా, దీపాలు పెట్టు వేళకు, సరిగా ప్రతి ఇంటివారును మీటలు నొక్కు సమయమునకు, అవి అన్నియు నిద్రకు ఉపక్రమించును. ఈ కారణముచేతనే, వేళనుబట్టి ధర నిర్ణయించు పద్ధతిలో సౌరవేళల ధర మామూలు ధర కంటె కనీసము నూటికి ఇరువది తక్కువగా ఉండవలెనని 2023లో సవరించిన కేంద్ర నిబంధనలు విధించినవి.

ఇంత భౌతికశాస్త్రము చదివియు, ఈ సంగతి నా దినచర్యలోనికి వచ్చినది మా తల్లిగారి వలన. ఫలకములు బిగించుటకు కొలతలు తీసికొనుచున్న నాడు ఆమె మెట్లెక్కి వచ్చి, చేతికర్ర పిట్టగోడకు ఆనించి, "ఒరే నాన్నా, డాబా అంతా ఈ పలకలే పరిచేస్తే నా వడియాలు ఎక్కడ పెట్టుకోను? కారం మిరపకాయలు ఎక్కడ ఆరబోసుకోను?" అని అడిగినది. తూర్పు పిట్టగోడ వెంట పదియడుగుల జాగా ఆమెకు విడిచిపెట్టితిమి. ఆ జాగాలో జరుగు వ్యవహారమును నేను నిజముగా గమనించినది అప్పుడే. మంచు విడిచి, నేల వెచ్చబడిన తరువాతనే తడిబట్ట పరచి గుమ్మడివడియాలు పెట్టుట, ఎండ వాలకముందే ఎత్తివేయుట, పడమట చిన్న మబ్బు కనబడినను కేకవేసి మనుషులను పిలుచుట, ఇది ఆమె పద్ధతి. ఎండవేళకు ఎండపని. ఆ పనిని రాత్రికి వాయిదా వేయవచ్చునను ఆలోచన ఆమెకు కలలోనైనను రాదు. డాబా మీది ఎండతో మన ఇండ్లలో తరతరాలుగా ఒరుగులు, అప్పడాలు, ఊరగాయ ముక్కలు ఆరినవి. ఆ ఎండకు ఒక వేళ యున్నదని ఆడవారందరికి తెలిసియుండగా, అదే ఎండను తీగలోనికి ఎక్కించుకొన్న మనము ఆ వేళను మరచితిమి.

నాటినుండి మా కారు కూడ వడియాల వేళనే పాటించుచున్నది. పదిగంటలకు తగిలింతును, మూడు దాటకముందే తీసివేయుదును. ఇందులో ఇంకొక సూక్ష్మమున్నది. పదునైదు ఆంపియర్ల ప్లగ్గునుండి కారు తన ఇచ్చవచ్చినట్లు తీసికొన్నచో మూడు కిలోవాట్లకు దగ్గరగా లాగును. డాబా మీదనో తొమ్మిదిగంటలకు ఒక్క కిలోవాటు, నడిమింట రెండున్నర మాత్రమే పుట్టును. ఆ తేడా వీధితీగనుండియే వచ్చును. కావున కారు తెర మీద ఆ ధారను పది ఆంపియర్లకు తగ్గించితిని. అప్పుడు లాగునది రెండువేల మూడువందల వాట్లు, పదిన్నర మొదలు రెండుగంటల వరకు దాదాపు అంతయు డాబాయే ఇచ్చును. మబ్బుపట్టిన నాడు ఆరు ఆంపియర్లు. నాలుగుగంటల సన్నని ధారతో ఏబది కిలోమీటర్లకు పైబడిన మేత బండికి చేరును. తెనాలి నుండి గుంటూరు పోయివచ్చుటకు అది చాలును. తొందరపడి త్రాగించుటకంటె ఈ నెమ్మది బ్యాటరీకిని మేలే.

ఇక ప్లగ్గును గూర్చి ఒక హెచ్చరిక. కారు వచ్చిన తొలి నెలలో వరండా గోడనున్న పాత పదునైదు ఆంపియర్ల సాకెట్టునే వాడితిని. ఒకనాటి సాయంకాలము మా తల్లిగారు, "ఏదో కాలుతున్న వాసన వస్తోందిరా" అని లోపలినుండి పిలిచినది. పోయి చూడగా, తెల్లని ప్లాస్టిక్కు ముఖము దోసె అంచువలె గోధుమరంగుకు తిరిగి, ప్లగ్గు ముట్టుకొనలేనంత వేడిగా నున్నది. మీట కట్టి, చల్లారినపిమ్మట విప్పించితిని. లోపల మర వదులై, తీగ కొన నల్లగా మాడి, దానిపై తొడుగు కరగి గోడకు అంటుకొనియున్నది. ఆ సాకెట్టును గోడకు బిగించినది ఎవరో గాని, పాతికేండ్లుగా దానిని ఎన్నడును తెరచి చూడకపోవుట నా తప్పు. మరునాడు వచ్చిన పనివాడు చెప్పిన మాట నాకు పాఠ్యపుస్తకముకంటె విలువైనది: "సార్, గీజరు పావుగంట లాగి ఆగిపోద్ది. కారు గంటల తరబడి ఆగకుండా లాగుద్ది. దీనికి సొంత లైను వెయ్యాల."

ఆ ప్రకారము మీటరుబోర్డునుండి కారుకై ప్రత్యేకముగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, హద్దు మీరిన కరెంటును ఆపుటకు దానికి సొంత ఎంసీబీ, ముప్పది మిల్లీఆంపియర్లు దారితప్పినంత మాత్రమున కరెంటు తుంచివేయు ఆర్సీసీబీ, పెరటిలో క్రొత్త ఎర్తుగొయ్యి, ఈ నాలుగును ఏర్పరచితిమి. ఆ గోతిలో గొట్టము చుట్టును బొగ్గు ఒక వరుస, ఉప్పు ఒక వరుస కూరి, పైన మట్టి కప్పి, వేసవిలో వారమునకొకసారి బిందెడు నీళ్లు పోయుచున్నాము. ఫలకములకు వేలకు వేలు వెచ్చించి ఎర్తు దగ్గర వెనుదీయు ఇండ్లను నేను చూచుచున్నాను. శ్రోతలారా, వానలో తడిసిన కారు తలుపును మీ పసిబిడ్డ పట్టుకొన్నప్పుడు, ఆర్సీసీబీతోపాటు ఆ బిడ్డకు కాపుగా నిలుచునది ఆ గొయ్యియే. దయచేసి దానిని ఉపేక్షింపకుడు.

కార్తీకమాసపు తుపాను ఒకటి మాకు వేరొక పాఠము నేర్పినది. రాత్రి గాలివాన, స్తంభములు నేలవ్రాలినవి, తెల్లవారి చూడగా ఆకాశము కడిగినట్లున్నది. ఫలకములపై నిండుగా ఎండ. ఎదురింటివారు వచ్చి, "మీకేం మాస్టారూ, మీ ఇంటి మీద సూర్యుడున్నాడు" అనిరి. కాని మా ఇన్వర్టరు తెర నల్లగా, నిశ్చలముగా నుండెను. వీధితీగ చచ్చినప్పుడు అదియు పని ఆపవలెను. అట్లు ఆపకున్నచో మన డాబానుండి బయటికి పోయిన విద్యుత్తు, తీగ చచ్చినదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము తీయును. ఆ మనిషి క్షేమము కొరకు మన ఇల్లు చీకటిలో నుండుట న్యాయము. అట్టి వేళలలోను వెలుగు కావలెనన్నచో బ్యాటరీతో కూడిన వేరువిధమైన ఇన్వర్టరు కావలెను. దాని వెల ఎక్కువ. కారు బ్యాటరీనుండి బయటి పరికరములకు కరెంటునిచ్చు సదుపాయము కొన్ని కార్లలో వచ్చినది గాని మా దానిలో లేదు. అయినను కరెంటు లేని ఆ రెండు రోజులు మా వీధి ఫోనులన్నియు ఒకదాని తరువాత ఒకటిగా కారులో కూర్చుండి ప్రాణము నింపుకొని పోయినవి.

నీడను గూర్చి రెండు మాటలు. ప్రక్కదొడ్డి కొబ్బరిమట్ట నీడ ఒక్క ఫలకము మూల పడినను దానితో వరుసగా కూర్చిన తక్కిన ఫలకముల దిగుబడి కూడ దెబ్బతినవచ్చును. దుమ్మును తెల్లవారుజామున చన్నీళ్లతో, మెత్తని గుడ్డతో కడుగవలెను. కాగియున్న అద్దముపై నడిమింట నీళ్లు చల్లరాదు. రోహిణికార్తెలో కరెంటు విరగబడి వచ్చునని తలంచువారున్నారు. కాని ఫలకమునకు కావలసినది వెలుగు, వేడి కాదు. అది కాగినకొలది, డిగ్రీకి ఒక శాతములో మూడో వంతు చొప్పున లేక మరికొంచెము ఎక్కువగా, దాని సత్తువ తగ్గుచునే యుండును.

ఇదంతయు విని మా అమ్మాయి హైదరాబాదునుండి ఫోనులో, "నాన్నా, మీకు రిటైర్‌మెంటు కాబట్టి పదింటికి ప్లగ్గు పెట్టుకుంటారు. నా కారు పదింటికి ఆఫీసులో ఉంటుంది, ఎండేమో మా అపార్టుమెంటు మీద ఉంటుంది" అన్నది. ఆమె మాట నన్ను చాలదినములు వెంటాడినది. ఉద్యోగము చేయువారి బండ్లు ఎండవేళ ఇంట నుండవు. రెండువందల కుటుంబములు పంచుకొను డాబా మీద ఎవరి వంతుకు ఎన్ని ఫలకములు వచ్చును? కావున ఇంటి డాబాతో ఈ కథ ముగియదు. బండ్లు పగలంతయు ఎక్కడ నిలుచునో అక్కడికి ఎండ ప్లగ్గు పోవలెను. కచేరీలు, ఆసుపత్రులు, కళాశాలలు, బ్యాంకులు, ఇవి అన్నియు పదినుండి ఐదువరకు బండ్లను ఎండలో మాడ్చు స్థలములే.

గత నెలలో నేను పనిచేసిన కళాశాలకు పోయి, మధ్యాహ్నము పండ్రెండు గంటలవేళ అధ్యాపకుల బండ్లు నిలుచు రేకులపందిరి క్రింద నిలబడి లెక్కించితిని. ఇరువదియారు కార్లు, వానిలో నాలుగు విద్యుత్తువి. ఆ పందిరిమీద ఫలకములు పరచి, దాని స్తంభములకు పదేసి ఆంపియర్ల ప్లగ్గులు పది బిగింపవలసినదిగా ప్రిన్సిపాలుగారికి అంచనాతో కూడ ఉత్తరము వ్రాసి ఇచ్చితిని. ఆయన చదివి, నాతోకూడ బయటికి వచ్చి, చేయి అడ్డుపెట్టుకొని పందిరివంక చూచి, రేకులు ఏ దిక్కునకు వాలియున్నవని అడిగెను. దక్షిణమునకే వాలియున్నవి.